ఇంటెల్‌కు చేతకాక కాదు, చిల్లర బేరం నచ్చక

ప్రశ్న: ఒకప్పుడు ఏ కంప్యూటర్ చూసినా ఇంటెల్ స్టిక్కరే కనిపించేది. ఫోన్ల దగ్గరికొచ్చేసరికి స్నాప్‌డ్రాగన్, మీడియాటెక్ పేర్లే ఎందుకు వింటున్నాం? ఇంటెల్‌కు ఫోన్ చిప్ చేయడం చేతకాలేదా?

చేతనైంది, చేసింది కూడా. ఇంటెల్ చిప్‌తో మొట్టమొదట అమ్మకానికి వచ్చిన స్మార్ట్‌ఫోన్ అమెరికాలో కాదు, మన దేశంలోనే విడుదలైంది. 2012 ఏప్రిల్‌లో లావా వాళ్లు జోలో ఎక్స్900 అని తెచ్చారు, సుమారు 22 వేలు, లోపల ఇంటెల్ ఆటమ్. కాబట్టి చేతకాలేదనే మాట పక్కన పెట్టండి. అసలు రోగం వేరే ఉంది. అదే రోగం నాకూ ఉండేది కాబట్టి బాగా గుర్తుపట్టగలను.

2003 నుంచి 2017 దాకా హనుమకొండలో అసెంబుల్డ్ కంప్యూటర్ల షాపు నడిపాను. ఇప్పుడు అదే షాపులో వెనక సగంలో కూర్చుని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తున్నాను. ముందు సగం ఎవరిదో తర్వాత చెప్తాను.

మంచి రోజుల్లో పని ఎట్లుండేదంటే, వారానికోసారి పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి, సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో పై అంతస్తుకూ కింది అంతస్తుకూ పది సార్లు తిరిగి బేరమాడి, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాణ్ని. మానిటర్లు, క్యాబినెట్లు ట్రాన్స్‌పోర్ట్‌లో వేసేవాణ్ని, ప్రాసెసర్ డబ్బాలు మాత్రం సంచిలో పెట్టుకుని ఒళ్లోనే ఉంచుకునేవాణ్ని. వరంగల్ చుట్టూ ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీలే అప్పట్లో. సీటొచ్చిన ప్రతి పిల్లవాడికీ ఇంట్లో కంప్యూటర్ ఉండాల్సిందే, లేకుంటే చదువు సాగదని తల్లిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకాన్ని మేమూ చెరపలేదు లెండి.

2004లో ఇంటెల్ పెంటియం 4 చిప్‌లోనే ప్రెస్కాట్ అనే రకం వచ్చింది. చిన్నది 89 వాట్లు, పెద్దదైతే 115 వాట్లు. చలికాలంలో పక్క చాయ్ హోటల్ పిల్లి వచ్చి మా డెమో సిస్టం క్యాబినెట్ మీదే పడుకునేది, ఎంత తోలినా మళ్లీ అక్కడికే. అంత వేడి కళ్లముందు ఉన్నా, నేను ఇంటెల్‌కు పోటీ చిప్ కంపెనీ ఏఎండీ పేరెత్తితే చాలు, "అది వేడెక్కుతదట గదా అన్నా" అనేవాళ్లు! అప్పటి ఏఎండీ చిప్ అథ్లాన్ 64 దాని పక్కన పెడితే చల్లగా ఉండేది, పైగా రేటు తక్కువ. ఎవరు వింటారు? టీవీలో ఇంటెల్ ప్రకటన చివర్లో వచ్చే ఆ చిన్న మ్యూజిక్ ముందు నా మాట ఏ మూలకు?

సరే, అసలు సంగతికి వస్తాను.

2012 నవంబర్ అనుకుంటా, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వస్తున్న రోజులు. పరకాల దిక్కు నుంచి ఒక పెద్దమనిషి, బీటెక్ మొదటి సంవత్సరంలో చేరిన బిడ్డను వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు. పత్తి అమ్మి నేరుగా మార్కెట్ నుంచే వచ్చినట్టున్నాడు, తువ్వాల తీసి దులిపితే పత్తి పోగులు నా కౌంటర్ అద్దం మీద రాలాయి. నేను మురిసిపోయి కొటేషన్ పుస్తకం తీశాను. కోర్ ఐ3 3220, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్, క్యాబినెట్, కీబోర్డ్, మౌస్, యూపీఎస్, అన్నీ కలిపి 26,500. స్పీకర్లు ఫ్రీ.

"ఏం బిడ్డా, తీస్కుందమా?" అన్నాడు ఆయన.

ఆ అమ్మాయి కొటేషన్ అంతా చదివి, అందులో ఒక్క వస్తువు గురించీ అడగకుండా, "అన్నా, కరెంటు పోతే ఇదెంతసేపు నడుస్తది?" అంది.

ఆ ఏడాది కరెంటు ఎట్లుండేదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. "పదిహేను నిమిషాలు వస్తదమ్మా" అన్నాను. నిజానికి మానిటర్‌తో కలిపి పది వస్తే గొప్ప, అదీ యూపీఎస్ బ్యాటరీ కొత్తగా ఉన్నన్నాళ్లే. ఆమె బ్యాగులోంచి ఫోన్ తీసింది. ఆరు వేల ఫోన్, మూల పగిలిన అద్దం మీద టేపు అతికించి ఉంది. "మా ఊళ్లె పొద్దంతా కరెంటు ఉండదన్నా. ఇది తెల్లారి ఛార్జింగ్ పెడితే రాత్రిదాంక వస్తది. పాత ప్రశ్నపత్రాలన్నీ ఇండ్లనే సదువుతున్న, ప్రోగ్రాములు కాలేజీ ల్యాబ్‌ల జేస్కుంట" అంది. నాతో కాదు, వాళ్ల నాయనతో.

ఆయన నా మొహం చూశాడు, బిడ్డ మొహం చూశాడు. "మళ్లొస్తం తమ్మీ" అన్నాడు. ఊరికే లేచిపోతే బాగోదనుకున్నాడేమో, ఆ ఫోన్‌లోకి 4 జీబీ మెమరీ కార్డు ఒకటి కొన్నాడు. కంప్యూటర్ అమ్మితే నాకు పదిహేను వందలు మిగిలేవి. కార్డు మీద నలభై రూపాయలు మిగిలాయి. ఆ నలభై రూపాయలు గల్లాలో వేస్తుంటే నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. మళ్లీ రాలేదు వాళ్లు.

ఇందులో ఇంటెల్ కథంతా ఉంది. నేను రాసిచ్చిన ఐ3 ఒక్కటే 55 వాట్ల చిప్, దాని నెత్తిన ఫ్యాన్ తిరగాలి. ఫోన్లో చిప్ రెండు మూడు వాట్లు దాటి కాసేపు పనిచేస్తే చేతిలో పట్టుకోలేం. ఎంత వేగంగా నడుస్తుందనేది ఇంటెల్ జన్మంతా చదివిన పాఠం. ఎంత కరెంటుతో నడుస్తుందనేది అవతలివాళ్ల, అంటే ఫోన్ చిప్‌లకు మూలమైన ఆర్మ్ వాళ్ల పాఠం. వాళ్లకూ అది ముందుచూపుతో ఏమీ రాలేదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే చిన్న కంపెనీ 1985లో మొదటి ఆర్మ్ చిప్ చేసింది. ఖరీదైన సిరామిక్ తొడుగు కొనలేక, చవకైన ప్లాస్టిక్ తొడుగులోనే పెట్టాలనుకున్నారు, ప్లాస్టిక్ కరగకూడదంటే చిప్ వేడెక్కకూడదు, అంతే. దాన్ని మొదటిసారి పరీక్షించినప్పుడు మీటర్ సున్నా చూపించిందట. తీరా చూస్తే చిప్‌కు కరెంటే ఇవ్వలేదు, పక్క సర్క్యూట్ల నుంచి కారిన కొద్దిపాటి కరెంటుతోనే అది పనిచేస్తోందట. పైసలు లేక చేసిన పొదుపు పాతికేళ్ల తర్వాత పరకాల అమ్మాయి బ్యాగులో తేలింది.

1990లో ఆర్మ్ వేరే కంపెనీ అయింది, అప్పట్లో యాపిల్ కూడా అందులో వాటాదారే. వీళ్ల అసలు వ్యాపారం చిప్‌లు తయారు చేయడం కాదు, డిజైన్ అమ్మడం. స్నాప్‌డ్రాగన్ చేసే క్వాల్‌కామ్, మీడియాటెక్, సామ్‌సంగ్, యాపిల్ ఎవరికి వాళ్లు లైసెన్స్ కొనుక్కుని చిప్ గీసుకుంటారు. ఫ్యాక్టరీ లేనివాళ్లు తైవాన్‌లో టీఎస్‌ఎంసీకి ఇచ్చి అచ్చు వేయించుకుంటారు. అప్పటి ఇంటెల్ మాత్రం డిజైన్ నాదే, ఫ్యాక్టరీ నాదే, రేటూ నాదే అనే రకం. అంటే ఒక్కడు ఒకవైపు, ఊరంతా ఒకవైపు.

అయినా ఇంటెల్ చేతిలోనూ ఒకప్పుడు ఆర్మ్ చిప్‌లు ఉండేవి, ఎక్స్‌స్కేల్ అని. 2006లో ఆ వ్యాపారాన్ని మార్వెల్‌కు 60 కోట్ల డాలర్లకు అమ్మేసింది. మరుసటి జనవరిలోనే యాపిల్ ఐఫోన్ చూపించింది. ఆ ఐఫోన్‌కు చిప్ చేయమని యాపిల్ ముందే ఇంటెల్‌ను అడిగింది. అప్పటి పెద్ద పాల్ ఒటెలినీ 2013లో దిగిపోతూ తనే చెప్పుకున్నాడు: యాపిల్ ఇస్తానన్న రేటు తాము వేసుకున్న తయారీ ఖర్చు కన్నా తక్కువుంది, అందుకే వద్దన్నాం, తీరా చూస్తే ఆ ఖర్చు లెక్కే తప్పు, అమ్ముడయ్యే సంఖ్య ఎవరూ అనుకోనంత అయింది అని.

ఇది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఎందుకంటే మా షాపు మెట్ల కింద రీఛార్జ్ కూపన్లు అమ్ముకునే తమ్ముడొకడు ఉండేవాడు, డబ్బా అంత జాగా. వాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, నీ షాపుల ఒక్క ర్యాకు ఇయ్యి, ఫోన్ కవర్లు, కార్డులు, ఛార్జర్లు పెడ్త, మిగిలిన దాంట్ల సగం నీకే" అన్నాడు. కవర్లు అమ్ముకోవడానికా నేను షాపు పెట్టింది అన్నాను. పైగా నలుగురిలో అన్నాను. కవర్ మీద ఇరవై రూపాయలు మిగులుతాయని లెక్కేశాను గానీ రోజుకు ఎన్ని కవర్లు పోతాయో లెక్కేయలేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక వాడి డబ్బా ముందు నిలబడే జాగా లేదు. 2017లో నా షాపు ముందు సగం వాడికే కిరాయికిచ్చాను. ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు, మంచివాడు. కిరాయి కూడా ఐదో తారీఖు దాటనీయడు.

తర్వాత ఇంటెల్ కళ్లు తెరిచి చేసిన పని ఇంకా విచిత్రం. 2014లో 4 కోట్ల ట్యాబ్లెట్లలో తమ చిప్ పెట్టించాలని పంతం పట్టి, తయారీదారులకు ఎదురు డబ్బులిచ్చి మరీ పెట్టించింది. లక్ష్యం దాటింది కూడా. ఆ ఏడాది ఆ మొబైల్ విభాగం నష్టం 400 కోట్ల డాలర్ల పైమాటే. డీలర్లకిచ్చే ఇట్లాంటి స్కీములు మాకు బాగా తెలుసు. ఒక డిస్ట్రిబ్యూటర్ పది బాక్సులు తీసుకుంటే ఒక గోడ గడియారం అని అంటగట్టి, మిగిలిపోయిన సరుకు వాపసు తీసుకోమంటే ఫోన్ ఎత్తలేదు. గడియారం కూడా ఆగిపోయింది. పైసలిచ్చి పెట్టించిన సరుకు పైసలు ఆగిన రోజే ఆగిపోతుంది. 2016లో ఇంటెల్ ఫోన్ చిప్‌ల ప్రయత్నం మానుకుంది.

ఇంకో తంటా యాప్‌లది. అప్పటికే చాలా ఆండ్రాయిడ్ యాప్‌లు ఆర్మ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి, వాటిలో కొన్నింటిని ఇంటెల్ ఫోన్ అప్పటికప్పుడు తనకు అర్థమయ్యేలా మార్చుకుని నడపాల్సి వచ్చేది. ఇక సిగ్నల్ పట్టే మోడెమ్ సంగతి సరేసరి, ప్రాసెసర్, మోడెమ్ రెండూ ఒకే ముక్కలో ఇవ్వడం క్వాల్‌కామ్ బలం. ఇంటెల్ ఇన్ఫినియాన్ అనే కంపెనీ నుంచి ఆ మోడెమ్ వ్యాపారాన్ని 140 కోట్ల డాలర్లకు కొని, ఎనిమిదేళ్లు దాని మీద ఖర్చుపెట్టి, 2019లో యాపిల్‌కు 100 కోట్లకు అమ్మింది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ అమ్మినట్టే ఉంది.

అట్లని ఓడిపోయింది ఇంటెల్ ఒక్కటే కాదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2012లోనే ఫోన్ చిప్‌ల నుంచి తప్పుకుంది. ఎన్విడియా కూడా టెగ్రా అనే చిప్‌తో ఫోన్లలో చేతులు కాల్చుకుని బయటపడింది, ఇప్పుడు దాని స్థాయి ఏంటో అందరికీ తెలుసు. ఒక గిరాకీ పోయిందని షాపు మూసుకోనక్కర్లేదు, పక్క గిరాకీ చూసుకోవాలి. 2020 లాక్‌డౌన్‌లో నా అటక మీద మూల పడ్డ డెస్క్‌టాప్‌లు తొమ్మిది అమ్ముడయ్యాయి, నేనే నమ్మలేదు. అదే ఏడాది నవంబర్‌లో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చింది, అంటే ఫోన్ చిప్ ఎదిగి యాపిల్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కి ఇంటెల్‌ను అక్కడ కూడా కుర్చీలోంచి లేపింది. పరకాల అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు ల్యాప్‌టాప్ కూడా రోజంతా అని జవాబు చెప్తోంది. కాకపోతే ర్యామ్ కూడా బోర్డుకే అతికించి అమ్ముతున్నారు, రేపు సరిపోకపోతే పెంచుకునే దారి లేదు, మాలాంటివాళ్లు బతికే దారీ లేదు. దీని గురించి ఎవరూ అడగరు. కాలేజీ పిల్లలు మాత్రం వచ్చి స్నాప్‌డ్రాగన్ అయితేనే ఫోన్ అంటారు, మీడియాటెక్ అంటే ముక్కు విరుస్తారు. ఆ ఫోన్‌లో వాళ్లు చేసేది రీల్స్ చూడటం, దానికి ఏ చిప్ అయితే ఏంటి నాయనా?

ఏఎండీ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 2006లో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఏటీఐ కంపెనీని 540 కోట్ల డాలర్లు పోసి కొన్నారు, దాంతోపాటు ఫోన్లకు గ్రాఫిక్స్ చేసే చిన్న విభాగం కూడా వచ్చింది. అప్పులు మీద పడి 2009లో దాన్ని క్వాల్‌కామ్‌కు ఆరున్నర కోట్ల డాలర్లకు ఇచ్చేశారు. స్నాప్‌డ్రాగన్‌లో ఉండే అడ్రినో గ్రాఫిక్స్ మూలం అదే. ఏఎండీ గ్రాఫిక్స్ కార్డులకుండే రేడియాన్ పేరులోని ఇంగ్లిష్ అక్షరాలు అటూ ఇటూ మార్చి చూడండి, అడ్రినో వస్తుంది. ఏఎండీ పెట్టుకోండని పదేళ్లు బతిమాలితే ఒక్కడు వినలేదు. ఇవాళ రిపేరుకొచ్చిన నాలుగు ఫోన్లలో రెండు స్నాప్‌డ్రాగన్‌వే. అందులో ఒకటి, "అది వేడెక్కుతదట గదా" అన్న పాత గిరాకీదే.