రేసు తర్వాత కారు పెయింటుకు అంటుకున్న టైరు రబ్బరును ఎలా వదిలించాలి?

తెల్ల కారును ట్రాక్ మీద నడిపి తెచ్చాక ముందు బంపరు మీదా, తలుపుల కింది అంచుల వెంబడీ నల్లటి మరకలు పడ్డాయనీ, రెండు వారాల్లో రెండుసార్లు షాంపూతో కడిగినా వదలలేదనీ, ఇక పాలిష్ మిషను పెట్టించవచ్చా అనీ అడిగారు. మిషను జోలికి ఇప్పుడే వెళ్ళకండి. నేను కొన్నేళ్ళుగా సెలవు రోజుల్లో ట్రాక్ మీద కారు తిప్పుతున్నాను. ఈ మరకల విషయంలో సరిగ్గా చేసిన పనులకన్నా చెడగొట్టుకున్నవే మొదట్లో ఎక్కువ కనుక వాటితో సహా చెబుతాను.

ట్రాక్ మీద గట్టిగా నడిపినప్పుడు టైరు పైపొర 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ వేడికి మెత్తబడిన రబ్బరు చిన్న చిన్న ఉండలుగా, పీలికలుగా ఊడి రోడ్డు పక్కన పేరుకుంటుంది. రేసు నడిపేవాళ్ళు వీటినే మార్బుల్స్ అంటారు. ముందు వెళ్తున్న కారు చక్రాలు వీటిని ఎగజిమ్మితే మీ బంపరుకు తగులుతాయి, మీ సొంత ముందు చక్రాలు విసిరినవి తలుపుల కింది అంచుకు తగులుతాయి. వేడిగా, జిగటగా వచ్చి అంటుకుని, చల్లారాక కరుచుకుపోతాయి. రబ్బరులో ఉండే నూనెలూ మసీ నీటికి లొంగేవి కావు కాబట్టి షాంపూతో ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు. అయితే మరక ఎంత నల్లగా కనిపించినా అది రంగులోకి ఇంకలేదు, రంగును కాపాడే పైనున్న పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు మీద కూర్చుని ఉందంతే. ఆ క్లియర్ కోటు మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకకన్నా పలుచన. మిషను పెడితే రబ్బరు ప్యాడుకు పట్టుకుని చుట్టూ పులుముకుపోతుంది, దాన్ని వదిలించే ప్రయత్నంలో క్లియర్ కోటు అరిగిపోతుంది.

మొదటిసారి నేను చేసిన పని ఇంతకన్నా మొరటుది. గోటితో గీకితే ఉండలు ఊడి వస్తున్నాయి కదా అని పొడి గుడ్డ తీసుకుని బలమంతా పెట్టి రుద్దాను. మరక పలుచనై వెడల్పయింది. మర్నాడు ఎండలో చూస్తే ఆ చోటంతా సాలెగూడు పరిచినట్టు సన్నటి గీతలు. గీసింది రబ్బరు కాదు, అందులో ఇరుక్కున్న ఇసుక. అప్పటినుంచి రుద్దడం మాని నానబెట్టడం మొదలుపెట్టాను.

కారును నీడలో నిలిపి, బాడీ చేతికి చల్లగా తగిలే దాకా ఆగండి. ఇసుక పోయేలా ముందు నీటి ధారతో, తర్వాత షాంపూతో కడిగి ఆరబెట్టండి. కారు సామాను దొరికే చోట తారు మరకలు తీసే ద్రవం అమ్ముతారు, రబ్బరుకూ అదే పనిచేస్తుంది. అది లేకపోతే పెయింటర్లు వాడే మినరల్ టర్పెంటైన్ గానీ, కిరసనాయిలు గానీ చాలు. కిరసనాయిలు వాసన ఒక పట్టాన పోదు కనుక నేను దాన్ని ఇంకేదీ దొరకనప్పుడే వాడతాను. మైక్రోఫైబర్ గుడ్డను ఆ ద్రవంతో తడిపి, మరక మీద పరిచి, ఒకటి రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. గుడ్డ ఎత్తి చూస్తే ఉండ చుట్టూ గోధుమరంగు తడి అంచు కనిపిస్తుంది, వేలితో తాకితే ఉండ పక్కకు జారుతుంది. రబ్బరు ఉబ్బి పట్టు వదిలిందనడానికి అదే గుర్తు. అప్పుడు బరువు వేయకుండా ఒకే దిశలో తుడిచి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చండి. నల్లబడిన మడతతోనే మళ్ళీ తుడిస్తే తీసిన రబ్బరునే తిరిగి పూసినట్టవుతుంది. అంతా అయ్యాక మిగిలిన జిడ్డు పోయేలా ఇంకొకసారి షాంపూతో కడగాలి.

థిన్నరు, అసిటోన్ మాత్రం ముట్టవద్దు. ఒకసారి తిరిగి రంగు వేయించిన బంపరు మీద తొందరపడి థిన్నరు పెట్టాను. రబ్బరుతో పాటు రంగు కూడా గుడ్డకు వచ్చింది, అరచేయంత మేర మెరుపు పోయింది. షోరూం నుంచి వచ్చిన పెయింటు తట్టుకున్నంతగా తర్వాత వేయించిన పెయింటు తట్టుకోకపోవచ్చు కనుక ఏ ద్రవమైనా ముందు కంటికి కనబడని మూల పరీక్షించి చూడండి. రంగు వేయని నల్ల ప్లాస్టిక్కు మీదా, రేసు నంబరు స్టిక్కర్ల అంచులకూ ఈ ద్రవాలు తగలనివ్వకండి. ట్రాక్ నుంచి రాగానే బ్రేకు డిస్కులు కాలుతూ ఉంటాయి కాబట్టి చక్రాల దగ్గర ఈ పని అప్పుడే చేయడం ప్రమాదం. తడిసిన గుడ్డలను కారులో పడేసి తలుపులు మూయడం కూడా అంతే.

ఇంకా గరుకుగా చేతికి తగులుతుంటే సబ్బు నీళ్ళు బాగా చల్లి క్లే బార్‌ను (పెయింటుకు అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్దను) తేలికగా జరపండి. నల్లవి పోయాక కూడా తెల్ల పెయింటు మీద నారింజ రంగు చుక్కలు మిగిలితే అవి రబ్బరు కాదు, బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను. దానికి వేరే ద్రవం ఉంది, రజను తగలగానే ఊదా రంగుకు తిరుగుతుంది.

పక్క కారు టైరు ఒరుసుకుని తలుపు మీద గుండ్రటి నల్ల చార పడితే విషయం వేరు. రబ్బరు తీసేశాక గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు ఎక్కడా ఆగకపోతే సన్నరకం పాలిష్‌ను చేత్తో పెడితే సరిపోతుంది. గోరు ఆగితే అది గీత, పాలిష్‌తో పోయేది కాదు. మీరు అడిగిన మిషనుకు ఏమైనా పని ఉంటే అది రబ్బరంతా తీసేశాక, గోరు ఆగని చోటే.

ఇప్పుడు నేను వెళ్ళే ముందు రోజు మైనం పట్టించి, బంపరుకూ చక్రాల వెనకాలా మాస్కింగ్ టేపు అంటిస్తాను. ఆ టేపును అదే సాయంత్రం పీకేయాలి, ఎండలో వదిలేస్తే దాని జిగురు వదిలించడం మరో పని. మీ మరకలు రెండు వారాలుగా ఎండుతున్నాయి కనుక ఒక్క విడతలో పోకపోవచ్చు. గుడ్డ పరిచి ఆగడం రెండు మూడుసార్లు చేయండి, ప్రతిసారీ కొంత వదులుతుంది.