పురుగుల మందు కేసులు చూసిన చేతికి టాక్సికాలజీలో చోటుంది

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో హౌస్ సర్జెన్సీ ఆఖరి నెలల్లో ఉన్నాను. అమెరికా వెళ్లి మెడికల్ టాక్సికాలజీ, అంటే విషం కేసులకి వైద్యం చేసే విభాగం, చేయాలని ఉంది. ఇంట్లో అందరూ కార్డియాలజీ అంటున్నారు. నేరుగా టాక్సికాలజీలో చేరే వీలుందా?

జవాబు: నేరుగా వీల్లేదమ్మా. ముందు రెసిడెన్సీ (మన పీజీ లాంటిది) చేయాలి, ఆ తర్వాత రెండేళ్ల ఫెలోషిప్ (ఉపవిభాగంలో శిక్షణ). అమెరికాలో దీన్ని 1992లో ఉపవిభాగంగా గుర్తించారు. చేరేవాళ్లలో ఎక్కువమంది ఎమర్జెన్సీ మెడిసిన్ చేసినవాళ్లే. అయితే ఆ రెసిడెన్సీ మన దగ్గర చదివినవాళ్లకి దొరకడం బాగా కష్టం. అక్కడి ఎమర్జెన్సీ విభాగాల్లో రొటేషన్లు చేసి, వాళ్ల ప్రత్యేక ఫారం మీద రాయించుకున్న సిఫారసులు కావాలి. పీడియాట్రిక్స్ నుంచి కూడా రావచ్చు. నేను ఇంటర్నల్ మెడిసిన్ మీదుగా వచ్చాను. నీకూ అదే చెబుతాను. అమెరికా లైసెన్సు పరీక్షల్లో (USMLE) స్టెప్ 1 ఇప్పుడు ఉత్త పాస్, ఫెయిలే కాబట్టి స్టెప్ 2 మార్కుల మీద శ్రద్ధ పెట్టు. రెసిడెన్సీకి అప్లై చేసేటప్పుడు పెద్ద పేరున్న ఆసుపత్రి కంటే టాక్సికాలజీ డాక్టర్లు ఉన్న ఆసుపత్రిని వెతుక్కో. వాళ్ల దగ్గర ఒక నెల పనిచేస్తే ఫెలోషిప్ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి నీకు సరుకు ఉంటుంది.

ఇక అసలు మాట. నీ దగ్గర ఇప్పటికే ఏముందో నీకు తెలియడం లేదు.

నా హౌస్ సర్జెన్సీలో ఒక రాత్రి నల్గొండ వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. సీసా తేలేదు. "పత్తికి కొట్టే మందు సారూ" అని పక్కనున్న మా పీజీకి ఆయన భార్య చెప్పింది, అంతే. సిస్టర్, నేను ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఆంపుల్స్ పగలగొడుతూనే ఉన్నాం. ఒక్కోదాంట్లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. ఐదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేయడం, స్టెత్ పెట్టి వినడం, మళ్లీ పగలగొట్టడం. తెల్లారేసరికి నా బొటనవేలి నిండా గాజు గాట్లు. ఛాతీలో తడి ఆరేదాకా ఆపకూడదని, నాడి పరిగెడుతోందని బెదిరిపోకూడదని ఆ రాత్రి వంటబట్టింది.

ఏళ్ల తర్వాత అమెరికాలో ఫెలోగా ఉన్నప్పుడు ఒక చిన్న ఊరి ఆసుపత్రి నుంచి ఫోన్. గ్యారేజీలో దాచిన పాత పురుగుల మందు తాగిన పెద్దాయన. గుండె వేగం పెరిగిందని అక్కడి డాక్టరు రెండు మిల్లీగ్రాముల అట్రోపిన్ ఇచ్చి ఆగిపోయాడు. "నాడి వదిలేయండి, ఛాతీ వినండి. మీ ఫార్మసీలో అట్రోపిన్ ఎంతుందో ఇప్పుడే లెక్కపెట్టించండి" అన్నాను. పెద్దాయన బతికాడు.

ఫెలోషిప్‌లో సగం పని ఇలాంటి ఫోన్లే. దేశమంతటికీ ఒకటే నంబరు, 1-800-222-1222. ఏ ఊరివాళ్లు చేస్తే ఆ ప్రాంతపు పాయిజన్ సెంటర్‌కి వెళుతుంది. శిక్షణ పొందిన నర్సులు, ఫార్మసిస్టులు ఎత్తుతారు, చిక్కుముడి కేసులు మన దగ్గరికి వస్తాయి. అక్కడ నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సింది పారాసిటమాల్. మనం పిప్పరమెంట్లలా చూసే ఆ బిళ్లే అక్కడ హఠాత్తుగా లివర్ పాడవడానికి మొదటి కారణం. ఫెంటనిల్ అనే మత్తుమందు, బీపీ బిళ్లలు, రాటిల్‌స్నేక్ కాట్లు కూడా చూస్తావు. మన గడ్డి మందు, హెయిర్ డై తాగి మెడ వాచిన కేసులు అక్కడ అరుదు.

వీసా సంగతి ముందే ఆలోచించుకో. శిక్షణకి వచ్చే డాక్టర్ల జే-1 వీసా మీద సాధారణంగా ఏడేళ్లు ఉండొచ్చు, కాబట్టి ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి మూడు, ఫెలోషిప్‌కి రెండు కలిపి ఐదేళ్లు సరిపోతాయి. మన ఆరోగ్య శాఖ నుంచి తేవాల్సిన పత్రం రెసిడెన్సీకి ఒకసారి, ఫెలోషిప్‌కి మళ్లీ ఒకసారి కావాలి. శిక్షణ అయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి, లేదా వెయివర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) తెచ్చుకుని అమెరికాలోనే డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు చేయాలి. అలాంటి చోట టాక్సికాలజీ ఉద్యోగం దొరకడం కష్టం, హాస్పిటలిస్టుగా, అంటే ఆసుపత్రిలో చేరిన రోగులను చూసే డాక్టరుగా, చేయాల్సి వస్తుంది. జీతం కూడా చాలామందికి ప్రధానంగా వాళ్ల మొదటి స్పెషాలిటీ నుంచే వస్తుంది. కార్డియాలజీ డబ్బు ఇందులో ఉండదని ఇంట్లో ఇప్పుడే చెప్పేయి.

మిగిలిన నెలల్లో క్యాజువాలిటీ డ్యూటీలు వదులుకోకు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, పేషెంట్ పేరు రాయకుండా, ఏం తాగారు, ఎన్ని గంటలకి వచ్చారు, ఎంత అట్రోపిన్ పట్టింది, ఏ రోజు వెంటిలేటర్ తీశారు అన్నది రాసుకో. రెసిడెన్సీకి పర్సనల్ స్టేట్‌మెంట్ రాసే ముందు ఆ నోట్‌బుక్ తిరగెయ్యి.