హెడ్‌సెట్ తీసినా తల తిరుగుతోంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది సఖినేటిపల్లి. క్రేన్ ఆపరేటరు ఉద్యోగం కోసం వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌తో శిక్షణ తీసుకుంటున్నాను. పావుగంట దాటేసరికి చెమటలు పట్టి కడుపులో తిప్పుతోంది. హెడ్‌సెట్ తీశాక కూడా గంటసేపు నేల ఊగుతున్నట్టే ఉంటోంది. నరసాపురం పంటు మీద వశిష్ఠ గోదావరి దాటేటప్పుడు నాకు ఏనాడూ ఇలా కాలేదు. మాత్ర వేసుకుని ఓర్చుకుంటే అలవాటవుతుందా? సాయంత్రం కాలవగట్టు మీదుగా బండి మీదే ఇంటికి రావాలి.

జవాబు: పంటు మీద ఒడ్డు జరగడం మీ కంటికి కనిపిస్తుంది, పంటు ఊపు ఒంటి కదలికను పసిగట్టే లోపలి చెవికి తెలుస్తుంది కనుక రెండింటికీ పొంతన కుదురుతుంది. హెడ్‌సెట్‌లో మాత్రం క్రేన్ గిర్రున తిరుగుతోందని కన్ను చెబుతుంటే, మీరు కుర్చీలో కదలకుండా కూర్చున్నారని చెవి చెబుతుంది. వికారానికి ముఖ్య కారణం ఇదే.

చాలామందికి అలవాటవుతుంది, కానీ ఓర్చుకోవడం వల్ల కాదు. ఆవలింతలు, నోట్లో నీరూరడం, నుదుట చెమట మొదలైన క్షణానే ఆపేసి, మరునాడు మళ్లీ కాసేపు చేస్తూ వ్యవధిని నెమ్మదిగా పెంచుకోవాలి. వాంతి వచ్చేదాకా బిగపట్టుకుంటే, తరువాత ఆ హెడ్‌సెట్‌ను చూస్తేనే డోకు రావచ్చు. వికారం తగ్గించే మాత్రల్లో చాలావరకు మగతనిస్తాయి కనుక, పని నేర్చుకుంటూ బండి నడిపే మీకు వాటిని నేను సూచించను. హెడ్‌సెట్ కటకాల మధ్య దూరాన్ని మీ కంటిపాపల మధ్య దూరానికి సరిపోయేలా సర్దించుకోండి. పెద్దవారిలో అది సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది కానీ మనిషికీ మనిషికీ మారుతుంది. మీరు తల తిప్పిన తరువాత దృశ్యం ఆలస్యంగా తిరుగుతుంటే ఆ లోపం యంత్రానిది, మీది కాదు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడం కొందరికి ఉపశమనమిస్తుంది. నిద్ర చాలని రోజున శిక్షణ వాయిదా వేసుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ చివరి వాక్యం. హెడ్‌సెట్‌లోని లోకానికి సర్దుకున్న మెదడు మళ్లీ మామూలు కావడానికి సమయం పడుతుంది. కొందరిలో తూలుడు, చెయ్యి గురి తప్పడం కొన్ని గంటలు ఉంటాయి. మన కాలవగట్ల మీద రెయిలింగు ఎంతమాత్రం ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. గోడ పక్కన పాదాలు కలిపి, కళ్లు మూసుకుని నిలబడి చూడండి. ఒళ్లు తూలితే బండి ముట్టుకోవద్దు, తూలకపోయినా తల తేటపడేదాకా ఆగండి. హెడ్‌సెట్ పాఠం ఉదయం, తరగతి పాఠం మధ్యాహ్నం పెట్టమని మీ శిక్షకుణ్ణి అడగడం అన్నిటికన్నా మేలు. మరునాటికీ తగ్గకపోయినా, చెవిలో హోరు, వినికిడి తగ్గడం వంటివి తోడైనా చెవి వైద్యుణ్ణి కలవండి. వస్తువులు రెండుగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.