ఓటమి గురించి రాయబోయే ముందు

అమ్మాయీ,

గెలుస్తుందని అందరూ నమ్మిన జట్టు విదేశంలో సిరీస్ ఓడిపోతే విశ్లేషణ ఎలా రాయాలని అడిగావు. క్రీడల పేజీలో కొత్తగా చేరినవాళ్లు ముందుగా దోషి కోసం వెతుకుతారు. నువ్వు ఆ పని చేయకు. ఎదుటి జట్టు ఎలా గెలిచిందో వెతుకు. అది తేలితే మనవాళ్లు ఎక్కడ తప్పారో దానంతట అదే బయటపడుతుంది.

సాధన కోసం ఒక సిరీస్ చెబుతాను. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో మన జట్టు దక్షిణాఫ్రికాలో మూడు టెస్టులు ఆడింది. ఆస్ట్రేలియాలో 2-1తో గెలిచి, ఇంగ్లండ్‌లో 2-1 ఆధిక్యం సంపాదించి అక్కడికి వెళ్లిన జట్టు అది. అంతకు ముందెన్నడూ ఆ దేశంలో టెస్టు సిరీస్ గెలవలేదు కాబట్టి తొలి సిరీస్ విజయం మీద ఆశలు ఆకాశంలో ఉన్నాయి. తొలి టెస్టు గెలిచి కూడా 1-2తో ఓడింది.

నీ పరిశీలన గెలిచిన టెస్టుతోనే మొదలుపెట్టు. సెంచూరియన్‌లో 113 పరుగుల విజయం. కేఎల్ రాహుల్ 123, షమీకి అయిదు వికెట్లు. ఆ సంబరంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. 3 వికెట్లకు 272 పరుగులతో పటిష్ఠంగా ఉన్న జట్టు 327కే ఆలౌటయింది, అంటే ఏడు వికెట్లు 55 పరుగుల్లో పోయాయి. రెండో ఇన్నింగ్స్ 174 దగ్గర ముగిసింది. తర్వాతి రెండు టెస్టుల్లో మనల్ని ముంచిన జబ్బు గెలిచిన రోజే స్కోరు కార్డులో ఉంది. వికెట్లు ఏ పరుగుల దగ్గర పడ్డాయో చూపే వరుసను ఎప్పుడూ ముందుగా చదువు. పరుగుల పట్టిక కన్నా అదే ఎక్కువ నిజం చెబుతుంది.

టాస్ మీదకు నెట్టే ప్రయత్నం చేయకు. ఆ మూడు టెస్టుల్లోనూ టాస్ మనదే. గాయాల విషయం రాయాలి కానీ రెండు వైపులా తూచి రాయాలి. రోహిత్, జడేజా లేరన్నది నిజమే. అటు వాళ్ల ఫాస్ట్ బౌలర్ అన్రిఖ్ నోకియా లేడు, తొలి టెస్టు కాగానే క్వింటన్ డికాక్ టెస్టులకే వీడ్కోలు చెప్పాడు. రెండో టెస్టు జరిగిన జొహానెస్‌బర్గ్‌లో కోహ్లి వెన్నునొప్పితో ఆడకపోవడం గురించి అందరూ రాశారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద దెబ్బ మన హైదరాబాదీ సిరాజ్ ఆ మ్యాచ్ మధ్యలో తొడ కండరం పట్టేసి పూర్తి వేగంతో బంతులు వేయలేకపోవడం. నలుగురు పేసర్లతో కాపాడుకోవాల్సిన లక్ష్యాన్ని ముగ్గురితో కాపాడాల్సి వచ్చింది.

ఆ లక్ష్యం 240. నాలుగో ఇన్నింగ్స్‌లో, జొహానెస్‌బర్గ్‌లోని వాండరర్స్ లాంటి మైదానంలో అది చిన్నదేమీ కాదు. మూడో రోజు ఆట ముగిసేసరికి దక్షిణాఫ్రికా 2 వికెట్లకు 118. నాలుగో రోజు చాలాసేపు వాన. ఆట మొదలయ్యాక వాళ్ల కెప్టెన్ డీన్ ఎల్గర్ ఒంటి మీద దెబ్బలు తింటూనే నిలబడి 96తో నాటౌట్‌గా ముగించాడు, మరొక్క వికెట్టే పడింది. దీని గురించి మన పత్రికల్లో ఎంత తక్కువ రాశారో చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కీగన్ పీటర్సన్ అప్పటికి కొత్తవాడు, సిరీస్‌లో 276 పరుగులు చేశాడు. మార్కో యాన్సెన్ తొలి సిరీస్‌లోనే 19 వికెట్లు తీశాడు. ఈ ఇద్దరి పేర్లూ లేకుండా ఓటమి విశ్లేషణ రాస్తే అది సగం కథే.

ఇక మూడో టెస్టు జరిగిన కేప్‌టౌన్. ఇక్కడ ఎక్కువసేపు ఆగు. మన జట్టు రెండు ఇన్నింగ్స్‌లలో కోల్పోయిన ఇరవై వికెట్లూ క్యాచ్‌లే. టెస్టు చరిత్రలో అంతకు ముందు ఏ జట్టుకూ అలా జరగలేదు. ఎందుకని ఆలోచించు. మన పిచ్‌ల మీద బంతి ఎక్కువగా తక్కువ ఎత్తులో వస్తుంది, ఎల్బీ, బౌల్డ్ భయం ఎక్కువ, కాబట్టి ప్రతి బంతికీ బ్యాట్ అడ్డుపెట్టడం చేతులకు అలవాటవుతుంది. అక్కడ అదే బంతి ఛాతీ దాకా లేస్తుంది. యాన్సెన్ అంత పొడగరి వేస్తే ఇంకా పైకి లేస్తుంది. ముందుకు చాచిన చేతులను వెనక్కి తీసుకునేలోపే అంచు తగిలి స్లిప్పుల్లోకి వెళ్తుంది. వదిలేయడం తెలిసినవాళ్లే నిలబడ్డారు. సెంచూరియన్‌లో రాహుల్, ఇక్కడ తొలి ఇన్నింగ్స్‌లో 201 బంతులు ఆడి 79 చేసిన కోహ్లి. వీలైతే ఆ ఇన్నింగ్స్ చూడు. అతను కొట్టినవాటిని పక్కనపెట్టి, ఆడకుండా వదిలేసిన బంతులను లెక్కపెట్టు.

అదే మ్యాచ్‌లో ఎల్గర్‌ను అంపైర్ ఎల్బీగా ప్రకటిస్తే సమీక్షలో బంతి వికెట్ల పైనుంచి పోతున్నట్టు తేలింది. మనవాళ్లు వికెట్ల దగ్గర మాటలు టీవీకి వినిపించే స్టంప్ మైకు దగ్గరికి వెళ్లి కోపంగా మాట్లాడారు. శీర్షికకు ఆ సంఘటన ఊరిస్తుంది. లొంగకు. అక్కడ కొంతసేపు ఏకాగ్రత పోయిన మాట నిజం, దానికి రెండు వాక్యాలు చాలు. మ్యాచ్ పోయింది అంతకు ముందు చేసిన 198లో. అందులో పంత్‌వి 100, ఎక్స్‌ట్రాలు 28. మిగతా పదిమంది కలిపి చేసింది 70. ఎదుటివాళ్లకు పెట్టిన లక్ష్యం 212, దాన్నీ వాళ్లు మూడు వికెట్లే కోల్పోయి అందుకున్నారు.

ఇంకో సంగతి, మనసుకు దగ్గరిది. కాకినాడలో పుట్టిన హనుమ విహారి జొహానెస్‌బర్గ్ రెండో ఇన్నింగ్స్‌లో 40తో అజేయంగా నిలిచాడు, కోహ్లి తిరిగి రాగానే చోటు పోయింది. తెలుగు పాఠకులు ఆ విషయం తప్పకుండా అడుగుతారు. నాకూ అది అన్యాయంగానే తోచింది. కానీ పుజారా, రహానె అదే ఇన్నింగ్స్‌లో 53, 58 చేసి 111 పరుగులు జోడించారు. ఆ రోజు సెలెక్షన్ చేసినవాళ్ల ముందున్న లెక్క అది. రెండూ రాయి, తీర్పు తర్వాత చెప్పు.

ఆ మూడు స్కోరు కార్డులు ముందేసుకుని, పూటపూటకూ ఎవరిది పైచేయో ఒక కాగితం మీద గుర్తులు పెట్టుకుని, ఆ తర్వాతే మొదటి వాక్యం రాయి. రాసింది నాకు పంపు. ఏ పూట గురించి అసలు రాయలేదో ముందు అది చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న