పాత హాలు వైర్ల మధ్య మీ అబ్బాయి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర. బాబు ఈ ఏడాది ఈఈఈ (ఎలక్ట్రికల్) డిప్లొమా పూర్తి చేశాడు. మూతపడిన ఒక సినిమా హాలును ఎవరో లీజుకు తీసుకుని నాటకాలకు, ఫంక్షన్లకు ఇస్తున్నారు. లైట్లు, సౌండు చూసిపెట్టమని బాబును పిలిచారు. మూడు వారాలైనా ఏ వైరు ఎక్కడికి పోతోందో తేలలేదట. రాత్రి పదకొండుకు ఇంటికొచ్చి కాగితాల మీద గీతలు గీస్తూ కూర్చుంటాడు. "ఈ కరెంటు పనికేనా చదివించాం" అని వాళ్లమ్మ ఒకటే బాధ. డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ పరీక్షతో బీటెక్‌కు పంపాలా? వాడేమో హైదరాబాద్‌లో ఏడాది సౌండ్, లైటింగ్ కోర్సు ఉంది, ఫీజు నాలుగు లక్షలు అంటున్నాడు. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: చెబుతానండీ. కానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి మోటార్ల రీవైండింగ్ షెడ్డులో ఉంటాడు, ఇంకొకరి అమ్మాయి ఇన్వర్టర్లు విప్పుతుంటుంది. అందరూ అడిగేది కోర్సు గురించే. మనసులో ఉండేది మాత్రం "బంధువుల్లో ఏం చెప్పుకోవాలి" అన్న బెంగ. మీకు ఇంకో భయం కూడా ఉంది, రాయలేదంతే. పిల్లాడికి షాక్ కొడుతుందేమోనని. చెప్పుకోవడం సంగతి తర్వాత, ముందు ఇది చూద్దాం.

మూడు వారాలకీ తేలలేదంటే మీవాడికి పని రాదని కాదు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను పాలిటెక్నిక్‌లో ఇదే బ్రాంచి పాఠాలు చెప్పాను. పాత హాలు వైరింగ్ అంటే ముగ్గురు నలుగురు మేస్త్రీలు వేర్వేరు కాలాల్లో వేసిపోయిన పని. ప్రొజెక్టర్ గదిలో ఆర్క్ లైటు కోసం ఏసీని డీసీగా మార్చి ఇచ్చిన రెక్టిఫయర్ తాలూకు వైర్లు ఇంకా గోడలోనే ఉంటాయి. వాటిలో ఏది చచ్చిందో, ఏది బతికుందో చూస్తే తెలియదు. పాతకాలం పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజుల పక్కనే, వాటంతట అవే ట్రిప్పయ్యే కొత్త ఎంసీబీ స్విచ్చులు ఉంటాయి. బోర్డు మీద పేర్లుండవు, ఉన్నా పదేళ్ల కిందటివి. బొమ్మ గీయకుండా చెయ్యి పెట్టేవాణ్ణి చూసి భయపడాలి గానీ, రాత్రి కూర్చుని గీసుకునేవాణ్ణి చూసి కాదు.

బాబుకు నాలుగు మాటలు చెప్పాలి. ఈ పేరా, దీని తర్వాతి రెండూ వాడికి చదివి వినిపించండి. మెయిన్ దగ్గర మొదలుపెట్టి స్టేజీ వైపు రావాలి నాయనా, లైటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి పోతే దారి తప్పుతావు. మెయిన్ ఆపినా సరిపోదు. లైను కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్చు, అదే చేంజ్ ఓవర్, దాని అవతల జనరేటర్ ఉంటుంది. కరెంటు పోయింది కదా అని వైరు పట్టుకున్నప్పుడే ఎవరో దాన్ని స్టార్ట్ చేస్తారు. హాలుకు వచ్చే కరెంటు మూడు ఫేజులు, అంటే మూడు లైన్లు. స్టేజీ ఎడమ వైపు లైట్లు ఒక ఫేజు మీద, కుడి వైపువి ఇంకో ఫేజు మీద ఉండొచ్చు. ఆ రెండిటి మధ్య ఉండేది 230 వోల్టులు కాదు, దాదాపు 400. ఇంకొకటి, చాలామందికి తట్టనిది: మన పాత వైరింగులో నీలం వైరు మూడో ఫేజు. బయట దేశాల నుంచి వచ్చిన లైటు, మిక్సర్ల కార్డులో నీలం అంటే న్యూట్రల్. రంగును నమ్మొద్దు, మీటరుతో చూడు.

మీటరు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. లైటు వెలుగు పెంచి తగ్గించే పాత డిమ్మర్‌ను పూర్తిగా తగ్గించి, అవతల లైటు పెట్టకుండా కొలిస్తే మీటరు దాదాపు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, లోపల కొద్దిగా లీకవుతుంది కాబట్టి. బల్బు పెట్టగానే అది పడిపోతుంది. "టెస్టర్ వెలుగుతోంది, లైటు మాత్రం వెలగట్లేదు" అని నీకు అనిపించిన చోట్ల ముందు ఇది అనుమానించు. ఇంకా, మైకు వైరు, లైట్లకు సంకేతం పంపే డీఎంఎక్స్ వైరు చూడటానికి ఒకేలా ఉంటాయి. డీఎంఎక్స్‌కు ఐదు పిన్నుల కనెక్టర్ పెట్టాలని ప్రమాణం ఉన్నా, చవక ఎల్‌ఈడీ లైట్లకు మైకుకు వాడే మూడు పిన్నులదే పెడతారు. మిక్సర్‌లో ఫాంటమ్ (మైకుకు కరెంటు పంపే స్విచ్చు) ఆన్ చేసి ఉంటే మైకు లైనులో 48 వోల్టులుంటాయి. ఒకదాని బదులు ఇంకొకటి గుచ్చితే లైటు లోపలి బోర్డు పోవచ్చు. రెండు చివర్లకూ టేపు చుట్టి నంబరు రాయి.

ఇంకో మాట, దీనికి నేను కోప్పడతాను. స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను పీకేసే మహానుభావులు మన దగ్గర ఊరికి ఇద్దరున్నారు. హమ్ పోతుంది. ఆ తర్వాత ఎప్పుడో మైకు పట్టుకున్న గాయకుడు పోతాడు. మిక్సర్‌కూ స్టేజీ మీది ఆంప్లిఫయర్లకూ ఎర్త్ వేర్వేరు చోట్ల దొరకడం వల్ల వచ్చే గోల అది. రెండిటికీ ఒకే చోటి నుంచి సప్లై ఇవ్వాలి, లేదా ఆడియో లైనులో రెండు వైపుల తీగలను విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఓనరు తొందరపెట్టినా ఎర్త్ జోలికి పోకు.

కనిపెట్టడం వేరు, మార్చడం వేరు. త్రీ ఫేజ్ వైరింగులో మార్పులు లైసెన్సున్న కాంట్రాక్టరే, పర్మిట్ ఉన్న సూపర్‌వైజర్ కళ్ల ముందే చేయాలి. బాబు బొమ్మ గీసి ఇస్తాడు, అక్కడితో వాడి పని అయిపోతుంది. ఈ మాట ఓనరుతో చెప్పాల్సింది మీరు, వాడు కాదు.

ఇక హైదరాబాద్ కోర్సు. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. ఇలాంటి కోర్సుకు ఒకప్పుడు నేనే ఒక కుర్రాణ్ణి పంపాను. కంప్యూటర్ మీద మిక్సింగ్ చక్కగా నేర్చుకుని వచ్చాడు. మా ఊరి హాల్లో డిమ్మర్లు వేయగానే స్పీకర్లు గరగరలాడితే దిక్కుతోచక నిలబడ్డాడు. లైట్లు, సౌండు ఒకే ఫేజు మీద ఉన్నాయని చూడటం అతనికి ఎవరూ నేర్పలేదు. కోర్సులో అన్నీ కొత్త పరికరాలు, వైరు గుచ్చే ప్రతి రంధ్రం పక్కనా పేరుంటుంది. ఉద్యోగంలో పేరులేని రంధ్రాలే ఎక్కువ. ఏడాది ఆగాక కూడా వాడికి ఇదే కావాలనిపిస్తే, ఫీజు కట్టేముందు ఆ సంస్థకు వెళ్లి మూడు అడగండి. ఒక్కో కన్సోల్‌కు (లైట్లు, సౌండు నడిపే బల్ల) ఎంతమంది పిల్లలు? పవర్ డిస్ట్రిబ్యూషన్, ఎర్తింగ్ ఎన్ని గంటలు చెబుతారు? పోయినేడు చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? మూడోదానికి ఫోన్ నంబర్లు ఇవ్వకుండా గోడ మీది ఫోటోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

బీటెక్ మంచిదే. ఈసెట్ వివరాలు డిప్లొమా పిల్లాడి తండ్రికి నేను చెప్పక్కర్లేదు. ఈఈఈలోనే చేరితే ఈ హాలు అనుభవం అక్కడా పనికొస్తుంది. కానీ మీ ఉత్తరంలో "బీటెక్‌కు పంపాలా" అన్న చోట నాకు వినిపించింది "ఈ పని మాన్పించాలా" అని. ఏమీ అనుకోకండి, మూడేళ్లు ఎలక్ట్రికల్ చదివించి, పిల్లాడు ఎలక్ట్రికల్ పని చేస్తుంటే ఏడవడం ఏమిటండీ? విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో నాటకానికి వెళ్తే మనం ముందు వరుస కోసం పోటీపడతాం. వెనక చీకట్లో బోర్డు దగ్గర నిలబడ్డవాడు మాత్రం మన పిల్లాడు కాకూడదు!

నా మాట అడిగితే ఈ ఏడాది నాలుగు లక్షలూ బ్యాంకులోనే ఉండనివ్వండి. డిప్లొమా వాళ్లకు స్టైపెండ్‌తో ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది, దానికి ప్రయత్నించమనండి. సూపర్‌వైజర్ పర్మిట్‌కు ఏమేం కావాలో కనుక్కోమనండి. హాలు పని సాయంత్రాలు చేసుకోవచ్చు. ఈసెట్ ఎలాగూ వచ్చే వేసవిలోనే కాబట్టి ఏ దారీ మూసుకుపోదు. ఇరవై దాటని పిల్లాడు, ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక భవనం మొత్తాన్ని కాగితం మీదకి ఎక్కిస్తున్నాడు. ఇలాంటి పిల్లలు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

పోలిక అడిగితే సగం తిట్టి, సగం ఊరడించినట్టున్నాను. సరే, ఇంకొక్క పని చెబుతాను. అక్కడ ఒంటరిగా పనిచేయకూడదు, మెయిన్ దగ్గర ఇంకో మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషికి కరెంటు తెలియక్కర్లేదు, మెయిన్‌నూ జనరేటర్‌నూ ఎవరూ ముట్టుకోకుండా చూస్తే చాలు. రేపు సాయంత్రం చెప్పులేసుకుని, టార్చి లైటు పట్టుకుని మీరే వెళ్లండి.