స్పేసర్ సైజు చెప్పింది ఎవరు?

ప్రశ్న: మాది తిరుపతి. 2024 జూన్ 14న చిత్తూరులో ఒక షాపులో మా స్విఫ్ట్‌కు బయటి అల్లాయ్ వీల్స్ వేయించాను. లోపల సస్పెన్షన్‌కు రాసుకుంటున్నాయని 15 ఎంఎం స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే పళ్లేలు) నేనే ఆన్‌లైన్‌లో తెప్పించి ఇస్తే వాళ్లు బిగించారు. ఆ సైజు చాలని షాపతను వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ ఫోన్ ఇప్పుడు మా చెల్లెలి దగ్గరుంది. ఆగస్టులో కాణిపాకం నుంచి వస్తుంటే చంద్రగిరి దగ్గర ముందు చక్రం ఊడి కారు డివైడర్‌కు కొట్టుకుంది. దెబ్బలు తగల్లేదు గానీ నాన్నగారు అప్పటి నుంచి కారెక్కడం లేదు. రిపేరుకు 1,86,000 అయింది. స్పేసర్ల వల్లే స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే మర కడ్డీలు) తెగాయని ఇన్సూరెన్స్ కంపెనీ అక్టోబరులో క్లెయిము తిరస్కరించింది. షాపతను 'చూద్దాంలే అన్నా' అంటూ తిప్పుతున్నాడు. నా దగ్గరున్నది చేతిరాత చీటీ. పాత తేదీతో బిల్లు రాయిస్తానని మా బావమరిది అంటున్నాడు. షాపు మీద, ఇన్సూరెన్స్ మీద కలిపి కేసు వేయొచ్చా?

జవాబు: కేసును తేల్చేది నాన్నగారి భయమూ కాదు, షాపతని మాటతీరూ కాదు. 15 ఎంఎం అన్న నిర్ణయం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. 'కస్టమరే తెచ్చాడు, బిగించమన్నాడు, బిగించాం' అని షాపు తరఫు లాయరు మొదటి వాయిదాకే అంటాడు. దానికి మీ దగ్గరున్న జవాబు ఆ వాయిస్ మెసేజ్ ఒక్కటే. దాన్ని ఫోన్‌తో సహా చెల్లెలికి ఇచ్చేసి, ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నారు! ఆవిడ ఫోన్ రీసెట్ చేసి ఉంటే ఏం చేస్తారు?

మెసేజ్ దొరికితే దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి, ఫార్వర్డ్ అయినదాన్ని సాక్ష్యంగా తేకండి. అసలు ఫోన్‌నే భద్రం చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. కన్స్యూమర్ కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరమక్షరం పట్టుకోవు, నిజమే. అయినా అవతలివాడికి సందు ఎందుకివ్వాలి?

మెసేజ్ పోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. స్పేసర్ మీరు తెచ్చినా, బిగించడానికి డబ్బు తీసుకున్నాడంటే అది సేవే. స్విఫ్ట్ స్టడ్ మందం 12 ఎంఎం, మర పిచ్ (ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య దూరం) 1.25 ఎంఎం. నట్టు స్టడ్ మీద కనీసం ఆ మందమంత లోతు పట్టాలన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. అంటే దాదాపు పది చుట్లు. కంపెనీ స్టడ్ల మీదే 15 ఎంఎం పళ్లెం తొడిగితే ఆ మేరకు మర తగ్గిపోతుంది. నాలుగైదు చుట్లకే నట్టు బిగుసుకుంటే చేత్తో తిప్పినవాడికి తెలియదా? అంత మందానికి పొడుగు స్టడ్లైనా వేయాలి, లేదంటే విడిగా బోల్టులుండే బోల్ట్-ఆన్ రకమైనా వాడాలి. అవేవీ లేకుండా బిగించడం సేవాలోపం. కాకపోతే తప్పులో మీకూ వాటా వేసి పరిహారం తగ్గించే అవకాశం ఉంది.

తెగిన స్టడ్లు, స్పేసర్లు, నట్లు ఎక్కడున్నాయో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. పాత ఇనుముకు వేయలేదు కదా? ఉంటే కడగకుండా, తుడవకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి సంచిలో సీలు వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38(2)(సి) కింద ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగవచ్చు.

ఇక గడువు. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. ప్రమాదం రోజు నుంచి లెక్కించాలని నేను వాదించగలను, కానీ అవతలివాళ్లు ఫిట్టింగ్ రోజునే పట్టుకుంటారు. ఆ లెక్కన 2026 జూన్ 14తో ఆఖరు, అదీ ఆదివారం. మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే ఏప్రిల్ సగం గడిచింది. 'చూద్దాంలే' అన్న మాటతో గడువు ఆగదు, లాయరు నోటీసుతోనూ ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇన్సూరెన్స్ తిరస్కరణ మీద అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి ఉన్న ఏడాది గడువు కూడా ఇలాగే 2025 అక్టోబరులో పోగొట్టుకున్నారు.

ఇద్దరి మీదా కలిపి వేయకండి. షాపు మీద గెలవాలంటే చక్రం స్పేసర్ వల్లే ఊడిందని చెప్పాలి. ఇన్సూరెన్స్ మీద గెలవాలంటే స్పేసర్‌కూ ప్రమాదానికీ సంబంధం లేదనాలి. ఒకే ఫిర్యాదులో రెండు నాలుకలతో మాట్లాడితే రెండూ పోతాయి. షాపునే పట్టుకోండి. మీ క్లెయిమును కొట్టేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం పరిశీలించిన సర్వేయర్ ఇచ్చిన రిపోర్టే ఇక్కడ మీకు పనికొస్తుంది. దాని కాపీ కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

బావమరిది మాట మాత్రం వినకండి. పాత తేదీ బిల్లు ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336 ప్రకారం అది నేరం. అసలైనదిగా చూపించి వాడితే 340 కూడా తగులుకుంటుంది. ఆ బిల్లు ఒక్కటి అబద్ధమని తేలితే నిజమైన వాయిస్ మెసేజ్‌నూ ఎవరూ నమ్మరు. చేతిరాత చీటీ చాలు. దానికి మీ యూపీఐ చెల్లింపు వివరం, స్పేసర్ల ఆర్డరు కాపీ జోడించండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద మీరే కారును అక్రమంగా మార్చారని షాపు అనవచ్చు. నిషిద్ధ మార్పు చేసిన యజమానికి 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బండి ప్రాథమిక స్వరూపం మారితేనే అది మార్పు అని సెక్షన్ 52 వివరణలోనే ఉంది. మీ లాయరు దాన్ని చూసుకుంటారు. మీరు మాత్రం స్పేసర్ సంగతి దాచకండి.

చిత్తూరుకు తిరగక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ముందు పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, మే నెలాఖరులోపు ఫిర్యాదు వేసేయండి. అంతకంటే ముందు ఇవాళే చెల్లెలికి ఫోన్ చేసి, ఆ పాత ఫోన్‌లో ఏదీ డిలీట్ చేయవద్దని చెప్పండి.