గల్ఫ్ మెడికల్ దగ్గర పడింది.. తాగుడు ఎప్పుడు ఆపితే టెస్టులో తెలియదు?

ప్రశ్న: నా వయసు 36. మాది జగిత్యాల దగ్గర పల్లె. కువైట్ కంపెనీ వీసా వచ్చింది, పది రోజుల్లో మెడికల్ ఉంది. ఏడెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం క్వార్టర్ తాగుతాను. ఆదివారం ఇంకొంచెం ఎక్కువ, అప్పుడప్పుడు కల్లు. ఎన్ని రోజుల ముందు ఆపితే టెస్టులో పడకుండా ఉంటుంది? లివర్ మాత్రలు వాడితే రిపోర్టు నార్మల్‌గా వస్తుందా? పోయినేడు అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు రెండో రోజు చేతులు బాగా వణికాయి. ఆ రాత్రి ఫిట్స్‌లాగా వచ్చిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. మెడికల్ షాపులో నిద్ర మాత్ర తెచ్చి వేసుకుంటే సర్దుకుంది. ఇప్పుడు ఆరోగ్యం బాగానే ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: మీరు చివర్లో రాసిన ఫిట్స్ సంగతి ముందు మాట్లాడుకుందాం. టెస్టు కంటే నాకు దాని గురించే ఎక్కువ భయంగా ఉంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపినప్పుడు ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, వికారం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. ఆ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మీకు మాల వేసుకున్న రెండో రోజు వచ్చింది చాలావరకు ఇదే అయి ఉంటుంది. ఖాయంగా ఇదేనని చూడకుండా చెప్పలేను. తాగినప్పుడు ఎప్పుడైనా పడి తలకు దెబ్బ తగిలిందా, షుగర్ పడిపోయిందా, మూర్ఛ జబ్బు విడిగా ఏమైనా ఉందా అన్నవి పరీక్ష చేసి తేల్చాల్సినవి. ఫిట్స్ వచ్చి ఇన్ని నెలలైనా ఒక్క డాక్టర్‌కీ చూపించుకోలేదు చూశారా, అది నాకు నచ్చలేదు.

ఒకసారి ఇలా ఫిట్స్ వచ్చినవాళ్లకు మళ్లీ ఆపినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ప్రతిసారీ తీవ్రత పెరుగుతూ పోవచ్చు కూడా. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు హఠాత్తుగా మూతపడితే ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్లు ఎలా బారులు తీరారో తెలంగాణ అంతా చూసింది. అందుకే మెడికల్ కోసమని మీ అంతట మీరు రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకండి. అలాగని తాగుతూనే ఉండమని అనుమతి ఇస్తున్నాననుకోవద్దు. ఈ రెండు మూడు రోజుల్లోనే సైకియాట్రిస్టును గానీ జనరల్ ఫిజీషియన్‌ను గానీ కలిసి, వారి పర్యవేక్షణలో ఆపండి. ఇదివరకు ఫిట్స్ వచ్చింది కాబట్టి మిమ్మల్ని కొన్ని రోజులు అడ్మిట్ చేసుకుంటామని అంటే బేరమాడకండి.

ఇప్పుడు మీరు అడిగిన లెక్క. మన దగ్గర 60 ఎంఎల్ పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 180 ఎంఎల్ క్వార్టర్‌లో 60 గ్రాములు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా రెండు పెగ్గులతో సమానం, బీరే కదా అని తీసిపారేయకండి. తాగిన ఆల్కహాల్‌లో తొంభై శాతానికి పైగా లివరే ఖర్చు చేయాలి, అదీ దాని వేగంలోనే. రక్తంలో గంటకు 100 ఎంఎల్‌కి 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుందని సగటు లెక్క. ఆ లెక్కన 60 కిలోల మనిషి తాగిన క్వార్టర్ రక్తంలోంచి పోవడానికి దాదాపు పది గంటలు పడుతుంది. హాఫ్ అయితే మరుసటి రోజు సాయంత్రం దాకా ఉండొచ్చు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. రాత్రి బాగా తాగినవాళ్లు పొద్దున దొరికేది అందుకే. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం, వాంతి చేసుకోవడం, వీటిలో ఏదీ రక్తంలోకి చేరిన ఆల్కహాల్‌ను తొందరగా పంపించదు.

అయితే టెస్టు అంటే ఒకటే కాదు. ఊపిరిలో, రక్తంలో, మూత్రంలో ఆల్కహాల్ కోసమే వెతికితే సాధారణంగా అర రోజు నుంచి ఒక రోజు వరకు తెలుస్తుంది. మూత్రంలో ఈటీజీ అనే పదార్థాన్ని చూస్తే బాగా తాగినవాళ్లలో మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి అయిదు రోజుల వరకు కనిపిస్తుంది. రక్తంలో పీఈటీహెచ్ అనే పరీక్షకు రెండు నుంచి నాలుగు వారాలు, వెంట్రుకలకైతే నెలలు. గల్ఫ్ మెడికల్‌లో ముఖ్యంగా ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి వంటివి, వాటితోపాటు లివర్, కిడ్నీ పరీక్షలు చూస్తారు. కంపెనీని బట్టి అదనంగా ఏం అడుగుతారో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. మిమ్మల్ని పట్టించేది రాత్రి తాగిన పెగ్గు కంటే ఏళ్ల తాగుడు లివర్ మీద వేసిన ముద్ర కావచ్చు. రక్తపరీక్షలో జీజీటీ అనే లివర్ ఎంజైమ్ పెరిగి ఉంటే నార్మల్‌కు రావడానికి పూర్తిగా మానేశాక రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అలాంటివే మరో రెండు ఎంజైములు, ఏఎల్‌టీ కంటే ఏఎస్‌టీ రెండింతలు ఉంటే ఏ డాక్టర్‌కైనా మొదట తాగుడే గుర్తొస్తుంది. ఎర్ర రక్తకణాల సైజు పెరిగి ఉంటే అది తగ్గడానికి రెండు మూడు నెలలు. పది రోజుల్లో వీటిని తుడిచేసే మాత్ర లేదు. లివర్ మాత్రలని అమ్మేవి రిపోర్టును నార్మల్ చేయవు. ఊళ్లో ఎవరో ఇచ్చే పసరు మాత్రం తాగకండి, ఏం కలిపారో తెలియని పసర్లతో ఉన్న లివర్ కూడా పాడై వచ్చిన కేసులు మాకు కొత్త కాదు. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ కూడా లెక్క లేకుండా మింగొద్దు, రోజూ తాగేవారికి అందరికీ చెప్పే మోతాదు సరిపడదు.

ఆ నిద్ర మాత్ర సంగతి. మీరు పేరు రాయలేదు, అల్ప్రాజోలం అయి ఉండొచ్చు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. మేమూ తాగుడు మాన్పించేటప్పుడు ఆ జాతి మందులే వాడతాం. అయితే లివర్ ఎలా ఉందో చూసి ఏది ఇవ్వాలో ఎంచుకుంటాం, మోతాదు రోజురోజుకూ తగ్గించి వారం అటూ ఇటూగా ఆపేస్తాం. మీరు మీకు మీరే వేసుకుని, మళ్లీ తాగితే రెండూ కలిసి నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ మందులు గల్ఫ్ దేశాల్లో గట్టి నియంత్రణలో ఉన్నాయి, చీటీ లేకుండా సంచిలో దొరికితే కేసు అవుతుంది. ఇంకో మాట, మన దగ్గర కల్తీ కల్లులో కలిపేవి కూడా అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివే. యూరిన్‌లో మత్తుమందుల పరీక్ష అడిగారంటే కల్లు తాగినా పాజిటివ్ రావచ్చు. ఆ కల్లు ఆపినప్పుడు కూడా ఫిట్స్ వస్తాయి.

నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకునే అలవాటు ఉంటే అదీ మానండి. తాగేవాళ్లలో విటమిన్ బి1, అంటే థయామిన్, తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎవరు సెలైన్ పెట్టినా ముందు థయామిన్ ఇచ్చారా అని అడగండి.

మీరు వెళ్లేది కువైట్. అక్కడ మద్యం నిషేధం. ప్రయాణానికి ముందు రాత్రి దావత్‌లో తాగి విమానం దిగితే, మీకు వణుకు, ఫిట్స్ వచ్చే గడియలు డ్యూటీలో చేరిన మొదటి రోజుల్లోనే పడతాయి. ఎత్తు మీద, మిషన్ దగ్గర పని అయితే ఏమవుతుందో ఆలోచించండి. తట్టుకోలేక దొంగచాటు సారా వెతుక్కునేవాళ్లూ ఉన్నారు. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన సారా తాగి వలస కార్మికులు చనిపోయారు, కొందరికి చూపు పోయింది. అందుకే మెడికల్ తేదీని వెనక్కి జరుపుకోగలిగితే జరుపుకోండి. ఇక్కడే వైద్యంతో ఆపి, కనీసం నెల రెండు నెలలు తాగకుండా నిలబడి, అప్పుడు వెళ్తే రిపోర్టు కూడా చాలావరకు దానంతట అదే మెరుగుపడుతుంది. ఏజెంటు తొందర పెడతాడు, నాకు తెలుసు. ఫిట్స్ వస్తే మీ పక్కన ఉండేది ఆయన కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎంత తాగుతున్నారో తగ్గించి చెప్పకండి. మోతాదు దాన్ని బట్టే వేస్తాం. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే టెలి మానస్ 14416కు గానీ, డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు గానీ ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

మీ ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. తాగుడు మాన్పించే మాత్రలని ఆయనకు తెలియకుండా కూరలోనో చారులోనో కలపకండి. అలాంటి మాత్రే డైసల్ఫిరామ్, అది వేసుకున్న సంగతి తెలియక ఆయన తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, ఆ మాత్ర ప్రభావం ఆపాక కూడా రెండు వారాల దాకా ఉండొచ్చు. ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, చెంచా దూర్చడం చేయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ ఆగిపోయి లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.